పుట్టెడు మాటలో గిద్దెడు నిజం

మా తాతయ్య పడుకున్నది మద్రాసులో, లేచింది కటకంలో.

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇంటికి కొత్తమనిషి ఎవరొచ్చినా సరే, పీట వాల్చి మంచినీళ్ళ చెంబు అందించేలోపు ఈ సంగతి వాళ్ళ చెవిన పడిపోవాల్సిందే. 1936 మార్చి 31 రాత్రి మా ఊరు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. తెల్లారితే ఏప్రిల్ 1. ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, మా ఊరు అందులోకి వెళ్ళిపోయింది. అప్పట్లో ఒరిస్సాకి రాజధాని కటకం, అంటే కటక్. తాతయ్య మాటలో ఉన్న అసలు సంగతి అదీ.

పెద్దవాళ్ళు వినీ వినగానే "అవునవును" అని తలూపేవారు. ఊపనివాడు మా తమ్ముడొక్కడే. అప్పటికి వాడింకా బడికి కూడా వెళ్ళడం లేదు. "నిన్ను మంచంతో సహా మోసుకెళ్ళిపోయారా తాతయ్యా? మెలకువ రాలేదా?" అన్నాడు. తాతయ్య గడ్డం గోక్కుని, బాగా ఆలోచించినట్టు మొహం పెట్టి, "మంచం కదల్లేదురా బావూ, ఊరే కదిలీసింది" అన్నాడు. వాడికి చిక్కు మరింత పెరిగింది. ఆ సాయంత్రం వీధరుగు మీద కూర్చుని, ఊరు మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని చాలాసేపు కాపలా కాశాడు.

మాది మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. ఆ పంపకంలో పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్నం ఒరిస్సా వైపు పోయింది, పాతపట్నం వైపు పల్లెలు మద్రాసులో ఉండిపోయాయి. మా రాజావారు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది, 1937లో, ఒరిస్సాకి తొలి ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. 1992లో గంజాం నుంచి విడదీసి మా జిల్లా ఏర్పరిచినప్పుడు దానికి గజపతి అన్న పేరు పెట్టింది ఆయన జ్ఞాపకంగానే. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. చిన్నప్పుడు మాకు తెలిసిన చరిత్రంతా తాతయ్య మంచం దగ్గరే ఆగిపోయింది.

"నాలుగడుగులేస్తే ఆంధ్రా" అనేవారు మావాళ్ళు. ఆ నాలుగడుగులూ వేసి పాతపట్నం చేరేసరికి గంట పట్టేది, ఎండాకాలమైతే నాలుక పిడచకట్టుకుపోయేది. అయినా ఇంటికి తిరిగొచ్చి ఎవరినడిగినా "ఇక్కడే, నాలుగడుగులు" అనే చెప్పేవారు. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, కొండ దిగి వచ్చినవాళ్ళతో నాలుగు సవర ముక్కలు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలు, ఏ మాట ఎంతవరకు నమ్మాలో నడక నేర్చినట్టే నేర్చేసుకుంటారు. తమ్ముడు నేర్చుకోలేదు. వాడి పుణ్యమా అని నాకు కొన్ని మాటలు రెండోసారి వినపడ్డాయి. లేకపోతే నేనూ అందరిలాగే తలూపేసి ఊరుకునేదాన్ని.

మా మామ్మ పొద్దుగూకేలోగా ఇంట్లో ఒకరిద్దరినైనా చంపేది. పాలగిన్నె మీద చెయ్యి పడితే "సంపేస్తాను". అంటే చెయ్యి తియ్యమని, అంతకంటే ఏమీ లేదు. ఆరేసిన చీర మీంచి పరిగెడితే "తోలొలిచి డప్పు కట్టించీగల్ను". దీనికి తమ్ముడు భయపడలేదు కానీ సందేహపడ్డాడు. "నా తోలు సిన్నది కదా మామ్మా, డప్పుకి సాలదు" అన్నాడు. మామ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఎదిగేక కట్టిస్తాన్లే, తొందరేటి" అంది.

"నీ జిమ్మడ" అన్నదంటే మాత్రం ముద్దొచ్చిందన్నమాటే. జిమ్మడిపోవడమంటే నాశనమైపోవడం. మా మేనత్త పండక్కి టెక్కలి నుంచి దిగితే గుమ్మంలోనే "నీ జిమ్మడిపోనూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనేటే!" అని రెండు చేతులతో మొహం పట్టుకునేది. అక్షరాలు పట్టుకుని చూస్తే కన్నకూతుర్ని గుమ్మంలోనే శపిస్తోంది. అత్తయ్య ఆ శాపం కోసమే రైలెక్కి వచ్చేది. ఒకసారి ఏదో మనసులో పెట్టుకుని మామ్మ, "రామ్మా, కూర్చో. దారిలో ఇబ్బందేమీ పడలేదు కదా" అని మర్యాదగా పలకరించింది. అత్తయ్య సంచీ కింద పెట్టకుండానే ఏడుపు మొదలెట్టింది.

ఇంట్లో మేమందరం నిజంగా భయపడింది ఒకే ఒక్క మాటకి. "సరేలే నాయనా, నీ ఇష్టం." గొంతు పెంచకుండా, మన వైపు చూడకుండా, చేటలో బియ్యం ఏరుకుంటూ అనేది. అందులో చంపడం లేదు, తోలొలవడం లేదు. అది విన్నవాడు ఆ పూట పెరట్లోంచి లోపలికి రాకుండా ఉంటే మంచిది.

తాతయ్యకి ఒక స్నేహితుడుండేవాడు. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ముల్ని కాచి, వంచి, నునుపుతేల్చి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. ఆయన ఆ పని చేయించి బరంపురానికీ ఇంకా పై ఊళ్ళకీ పంపించేవాడు. అడిగినవాడికి లేదనడు. అప్పిస్తే తిరిగి అడగడు. పిల్లలు కనపడితే చాలు, చెయ్యి జేబులోకి వెళ్ళిపోవాల్సిందే. "ఆయన చేతికి ఎముక లేదు" అని మా ఇంట్లో రోజూ అనుకునే మాట.

ఒక సాయంత్రం ఆయనొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అలవాటు ప్రకారం తమ్ముడికి పావలా ఇవ్వబోయాడు. వీడు పావలా తీసుకోకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ముందు అరచెయ్యి నొక్కాడు. తర్వాత ఒక్కో వేలూ కణుపు దగ్గర వంచి చూశాడు. మణికట్టు దగ్గరికొచ్చి గట్టిగా బొటనవేలు దిగేశాడు. కొమ్ము అరగదీసి అరగదీసి కాయలు కాసిన చెయ్యి అది. పని చేయించేవాడిగా మారాక కూడా నచ్చిన కొంగ మెడని తనే వంచుకునేవాడు. "ఏటి బావూ, నాడి చూస్తన్నావా?" అని నవ్వాడు. వీడు చెయ్యి వదిలేసి, ఇంటిల్లిపాదికీ వినపడేలా, "ఉందర్రా! బోల్డన్ని ఎముకలున్నాయి!" అని ప్రకటించాడు. లోపల మామ్మ చేతిలో చెంబు జారింది. తాతయ్య పంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయనకి ఒక క్షణం అర్థం కాలేదు. అయ్యాక కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "ఎవులూ సెప్పలేదేటి నాకీ మాట ఇన్నాళ్ళూ!" అని, పావలాకి బదులు అర్ధరూపాయి ఇచ్చాడు. ఎదురుగా పొగిడితే ఆయన ఒప్పుకునే మనిషి కాదు. ఆ పొగడ్త ఆయన చెవిన పడాలంటే మా తమ్ముడి లాంటివాడు ఒకడు కావాల్సొచ్చింది.

మామ్మ దగ్గర కొలతల సామాను పూర్తిగా ఉండేది. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఇత్తడివి కొన్ని, చెక్కవి కొన్ని, వంటింటి అటక కింద వరసగా బోర్లించి ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్క మాకు ఎక్కాల కంటే ముందు వచ్చేసింది. బజార్లో 1960ల నాటికే కిలోలూ లీటర్లూ దిగిపోయాయి. దేశమంతటా పాత తూకాలు తీసేశారు. మామ్మ నోట్లోంచి మాత్రం ఎవరూ తియ్యలేకపోయారు. పుట్టెడు దుఃఖం, గంపెడాశ, బండెడు చాకిరీ, చారెడేసి కళ్ళు, బారెడు జడ, జానెడు పొట్ట, మూరెడు నాలుక. మనిషిలో ఉన్నదంతా ఆవిడ దేంతో ఒకదాంతో కొలిచేది. పుట్టి అంటే బళ్ళ మీద తోలుకెళ్ళే ధాన్యం. అంత దుఃఖం ఒక్క మనిషి దగ్గర ఉండదు. కానీ "పుట్టెడు దుఃఖంలో ఉంది పాపం" అంటే వీధి వీధంతా వంట మానేసి ఆ ఇంటికి వెళ్ళేది. కిలోలొచ్చి ఇన్నేళ్ళయింది కదా, క్వింటాలు దుఃఖం అని ఒక్కరైనా అనగా నేను వినలేదు. ఆ సర్కారు తూకానికి బరువు తెలుసు కానీ, ఏడుపు తెలియదేమో.

తాతయ్యకి మామ్మ కొలతలు సరిపోయేవి కావు. ఆయన పద్ధతి వేరు. నౌపడా నుంచి మా ఊరికి 1900లో అప్పటి రాజావారు వేయించిన చిన్న రైలుండేది. రెండున్నర అడుగుల పట్టాలు. తర్వాత దాన్ని గుణుపూర్ దాకా పొడిగించారు. "పర్లాలో ఎక్కినప్పుడు నాకు మీసాల్లేవు, నౌపడాలో దిగీసరికి మంగలిని ఎతుక్కున్నాను" అనేవాడు. ఊళ్ళో ప్రతివాడికీ ఆ రైలు మీద ఇలాంటి మాటొకటి సొంతంగా ఉండేది. దిగి చింతకాయలు ఏరుకుని మళ్ళీ ఎక్కొచ్చు అని మరొకరు. ఇది మాత్రం గొప్పకి చెప్పిన మాటని నేననను. పాతపట్నం దాటాక ఒకాయన కదులుతున్న పెట్టెలోంచి దిగి, గాలికి అడ్డంగా తిరిగి నుంచుని బీడీ ముట్టించుకుని, వెనక పెట్టెలో ఎక్కడం నా కళ్ళారా చూశాను. పెద్ద పట్టాలు వెయ్యడానికి 2004లో ఆ బండి ఆపేశారు. ఇప్పటి రైలు మీద మావాళ్ళ దగ్గర ఒక్క మంచి మాట కూడా లేదు. వేళకి వెళ్ళిపోయేదాని గురించి ఏం చెప్తారు?

బళ్ళో తెలుగు పంతులుగారు అతిశయోక్తి అలంకారం చెప్పిన రోజు బాగా గుర్తు. "ఈ పురమందలి మేడలు చంద్రమండలమును తాకుచున్నవి." తెలుగు వ్యాకరణం చదివిన ప్రతివాడూ బట్టీపట్టిన ఉదాహరణే. మా క్లాసులో కిటికీ పక్క కూర్చున్న కుర్రాడు రాజావారి కోట బురుజుల వైపు చూసి, "తాకట్లేదండి" అన్నాడు. పంతులుగారు కోప్పడలేదు. పుస్తకం మూసేసి, "మీ ఇంట్లో నిన్న ఎవరెవరు ఏమేం కోశారో చెప్పండ్రా" అన్నారు. ఆ పీరియడంతా మేం చెప్తూనే ఉన్నాం. కాళ్ళరిగేలా తిరిగిన బాబాయిలు, నోట్లో నువ్వుగింజ నానని పిన్నులు, చూపులతోనే కాల్చేసే అమ్మమ్మలు. గంట కొట్టినా ఎవడూ లేవలేదు. "ఇదే అలంకారం. చంద్రమండలం పరీక్షలో రాయండి, ఇంట్లోది గుర్తుంచుకోండి" అన్నారాయన.

పంతులుగారు అలా చెప్పడానికి మా ఊరే కారణమని నా నమ్మకం. వాడుక భాషకి పట్టంకట్టిన గిడుగు రామమూర్తిగారు మా ఊరి పంతులే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో మా ఊరి బళ్ళో చేరి, ఇక్కడే దశాబ్దాలు గడిపారు. జనం మాట్లాడుకునే తెలుగే రాతలోకి రావాలని ఆయన పోట్లాడినన్నాళ్ళూ ఆ జనం మాట వినపడింది మా వీధుల్లోనే. ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. తాతయ్యకి ఆయనంటే భక్తి. "మంచం కదిలింది ఆయనదొక్కడిదేరా" అనేవాడు, తన మాటకి తనే ఇంకో అంతస్తు కట్టి.

మా నాన్న ఇంత గొప్పగా కోసేవాడు కాదు. ఆయన చెప్పినది నాకు గుర్తున్నది ఒకటే. ఏదో భూమి కాగితం కోసం ఒక కచేరీ చుట్టూ ఏడాది తిరిగి, విసుగెత్తి, "తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయినవి" అని అర్జీలో రాశాడట. చెప్పుల ఖర్చు మంజూరు చేయుటకు నిబంధనలు లేవని జవాబొచ్చిందట. ఆ జవాబు కాగితం ఇంట్లో ఎంత వెతికినా నాకు దొరకలేదు. నాన్న కూడా తాతయ్య కొడుకే కదా మరి.

ఇక వదిన. మా పెద్దనాన్నగారి అబ్బాయి కటకం వైపు అమ్మాయిని చేసుకున్నాడు. ఒడియా వాళ్ళు. తెలుగు ఒక్క ముక్క రాదు. అత్తగారిని "బొవు" అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మని పిలిచినట్టు. మా పెద్దమ్మకి ఆ పిలుపు మహా ఇష్టం. పెద్దమ్మకి ఒడియా బాగానే వచ్చు కానీ, సంతోషమొచ్చినా కోపమొచ్చినా నోట తెలుగే పలికేది.

అన్నయ్యకి ఉద్యోగం కొరాపుట్ లోపల ఎక్కడో ఉండేది. పర్లాకిమిడికి బదిలీ అయిందని ఉత్తరమొచ్చింది. ఉత్తరం చదివింది వదినే. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి వచ్చీరాని తెలుగులో చెప్పింది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తేసి, "నీ నోట్లో పంచదార పొయ్యా!" అంది. వదిన ఆగింది. పెద్దమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది. తర్వాత అలమర దగ్గరికి వెళ్ళి పంచదార డబ్బా తెచ్చి, మూత తీసి, అత్తగారి చేతిలో పెట్టింది. పెద్దమ్మ ఆ డబ్బా వైపు చూసింది. నేను నవ్వాపుకోలేక చస్తున్నాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. చెంచా కూడా వెతక్కుండా పిడికెడు పంచదార తీసి వదిన నోట్లో పోసింది. పెదాల మీదా చీర మీదా అంతా రాలింది. జన్మలో ఆ మాట ఎన్నో వందలసార్లు అని ఉంటుంది పెద్దమ్మ. నిజంగా పొయ్యడం అదే మొదలు.

అదే వారంలో వీధి కుళాయి దగ్గర బిందెల పేచీ వచ్చి, ఒకావిడ ఇంకొకావిణ్ణి "నీ నోట్లో మన్ను పొయ్యా" అంది. వదిన ఇంటికొచ్చి నన్ను పక్కకి పిలిచి, పంచదారకీ మన్నుకీ తేడా తెలుస్తోంది కానీ, ఏది నిజంగా పోస్తారో ఏది పొయ్యరో ఎలా తెలుసుకోవాలని అడిగింది. "మొహం చూడు వదినా" అన్నాను. అంతకంటే నాకూ తెలియదు. ఆ రోజు నుంచి ఒక పుస్తకం పెట్టుకుంది. ఒడియా లిపిలో మూడు గళ్ళు గీసింది. మొదటి గడిలో మాట, రెండో దాంట్లో ఎవరన్నారో, మూడో దాంట్లో అన్నప్పుడు వాళ్ళ మొహం ఎలా ఉందో. నేను దొంగతనంగా తీసి చూశాను. "సంపేస్తాను" అన్న మాటకి ఎదురుగా మూడో గడిలో "నవ్వుతూ" అని ఉంది. "సరేలే" అన్నదానికి ఎదురుగా మామ్మ పేరు, దాని పక్కన ఏమీ రాయకుండా రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఇంట్లో అడుగుపెట్టిన ఆరు నెలలకే అంత కనిపెట్టేసింది మహాతల్లి.

ఒకసారి పక్కింటావిడ "ఏటమ్మా, నల్లపూసైపోయేవు?" అంటే, రంగు గురించి అందనుకుని రెండు రోజులు దిగులు పెట్టుకుంది. కనపడటం మానేశావని అర్థం వదినా అని నేను చెప్పాక పకపకా నవ్వి, వాళ్ళవైపు అలాంటి మనిషిని "డిమిరి ఫులొ" అంటారంది. మేడిపువ్వు. మేడికి పువ్వు కాయ లోపలే ఉంటుంది, బయటికి ఎవరికీ కనపడదు. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ అదో ఆట. నేనొకటి చెబితే తనొకటి చెప్పేది. గోరంతలు కొండంతలు చెయ్యడాన్ని వాళ్ళు "తిళొకు తాళొ" చెయ్యడమంటారు, నువ్వుగింజని తాటికాయ చెయ్యడం. మరీ కోసేవాణ్ణి చూస్తే "బారొ హాతొ కాకుడిరొ తేరొ హాతొ మొంజి" అంటారు. పన్నెండు మూరల దోసకాయ, దాని లోపల పదమూడు మూరల గింజ. ఇది విన్నప్పుడు తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎవులన్నారు? మళ్ళీ సెప్పు" అని రెండుసార్లు చెప్పించుకున్నాడు. మా రైలు మీసాల మాట దీని ముందు దిగదుడుపని ఒప్పేసుకుని, మర్నాటి నుంచి తన స్నేహితులందరికీ ఆ దోసకాయని తనే కనిపెట్టినట్టు పంచాడు.

వదిన తెలుగు తొందరగానే నేర్చుకుంది. అయితే చాలాకాలం ఆవిడ తెలుగు ఉన్నదున్నట్టు ఉండేది. "కొంచెం తలనొప్పి." "గంటన్నర చూశాను, బస్సు రాలేదు." తప్పు లేదు, ఉప్పూ లేదు. ఒక రోజు అన్నయ్య బరంపురం నుంచి బాగా పొద్దుపోయి వచ్చాడు. వదిన గుమ్మంలో నడుమ్మీద చెయ్యి పెట్టుకుని, "కళ్ళు కాయలు కాసీసి, కాయలు పండీసి, పళ్ళు కాకులెత్తికెళ్ళిపోయాయి. ఇప్పుడొచ్చేవా!" అంది. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. పండటం, కాకులెత్తుకెళ్ళడం మా వాడుకలో లేవు. అవి ఆవిడ సొంతం. పెద్దమ్మ మర్నాడు ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుంది, కోడలు పరీక్ష పాసైనంత సంబరంగా.

నేనిన్నాళ్ళూ ఈ మాటలన్నీ సరదాకి గుర్తుంచుకున్నాననుకునేదాన్ని. వాటి వెనక ఇంకో సంగతుందని చెప్పింది మా తమ్ముడే. ఆ ఎముకలు లెక్కపెట్టినవాడు డాక్టరయ్యాడు. టెక్కలి వైపు ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేశాడు. వాడి దగ్గరకొచ్చేవాళ్ళలో ఇటు తెలుగువాళ్ళు, అటు ఒడియావాళ్ళు, కొండల మీంచి సవరలు.

"తల పగిలిపోతంది బావూ." "పేగులు తెగిపోతన్నాయి." "పేణం పోతంది, నేనింక బతకను." రోజంతా ఇవే. డాక్టర్ల చదువులో నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె అడగమంటారు. వీడు అడిగాడు. "పదికి నూరు బావూ" అందట ఒక ముసలావిడ, చేతిలో జీడిపప్పు పొట్లం విప్పుకుని తింటూ. మొదట్లో వీడికి మతి పోయేదట. అందరినీ పరిగెత్తించి పరీక్షలు రాసేవాడు. తర్వాత నెమ్మదిగా చెవి కుదిరింది. "పేణం పోతంది" అంటూ మంచం ఎక్కి కూర్చుని పక్కవాడితో ధాన్యం ధర మాట్లాడుతున్నాడంటే, ఆ ప్రాణానికి తొందరేమీ లేదు. అలాగని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. అన్నిసార్లు అంటున్నాడంటే, ప్రాణం పోకపోయినా ఇంకేదో ఉంది. ఇంట్లో కొడుకు పలకరించడం లేదో, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నాడో.

వాడు హడలిపోయేది తక్కువగా మాట్లాడేవాళ్ళకి. ఒక పెద్దాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి, వరసలో తన వంతు దాకా నుంచుని, "ఏటో గేసు పట్టినట్టుంది బావూ, ఓ మాత్రిస్తే ఎల్లిపోతాను, పొలంలో పనుంది" అన్నాడట. మాట మామూలుగానే ఉంది. నుదుటి మీద చెమట మాత్రం ఆగడం లేదు. ఎడం చెయ్యి అస్తమానూ నొక్కుకుంటున్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు. గుండెపోటుని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. సమయానికి చూశారు కాబట్టి ఆ పెద్దాయన బతికాడు. "ఆయన గేసు అన్నప్పుడు నాకు మన మామ్మ 'సరేలే నాయనా' వినపడిందే అక్కా" అన్నాడు తమ్ముడు.

ఇంకోటి కూడా చెప్పాడు. సవరలు వచ్చి తెలుగులోనో ఒడియాలోనో నొప్పి చెప్తారు. "నొప్పి" అంటారు. చెయ్యి పెట్టి చూపిస్తారు. అంతే. వాళ్ళకి నొప్పి తక్కువుండి కాదు. మనది కాని భాషలో తలలు పగలగొట్టడం, పేగులు తెంపడం రావు. మన వదిన తలనొప్పి మొదటి రెండేళ్ళూ "కొంచెం" గానే ఉంది కదా. సవర తెలిసిన ఆయా ఒకావిడ పక్కన నుంచుని వాళ్ళ భాషలోనే అడిగిన రోజు, అదే మనిషి చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పుకొచ్చాడట. ఆయా మొత్తం విని, "కడుపులో కొండ దొర్లుతున్నట్టుంది అంటన్నాడు" అందట. ఇలాంటి పనికే గిడుగు వారు నూరేళ్ళ కిందటే కొండలెక్కి సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు, సవరకి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. తిరిగిన ఆ అడవుల్లో జ్వరమొచ్చి, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చిందంటారు. జనం మాట కోసం పోరాడిన మనిషికి ఆ మాట వినే చెవి పోవడం, తాతయ్య కల్పించి చెప్పినా మేం నమ్మకపోయేవాళ్ళం.

మామ్మ, తాతయ్య, పెద్దమ్మ ఇప్పుడు లేరు. కొలతల సామానులో కుంచం ఒక్కటి మా అత్తయ్య వాళ్ళింట్లో ఉంది, గొడుగులు పెట్టుకుంటున్నారు. పర్లాకిమిడిలో మా ఇంటి మాట నిలబెట్టింది కటకం నుంచి వచ్చిన వదినే. నేను విశాఖపట్నం వచ్చి స్థిరపడ్డాక నెలకోసారైనా ఫోన్ చేస్తుంది. ఇప్పుడు ఆవిడ తెలుగు నా తెలుగు కంటే ముదురు. మొన్న ఆషాఢం ముందు ఫోన్ చేసి, "ఈపాలి రథజాత్రకి నివ్వు రాకపోతే నీ కాళ్ళిరగ్గొట్టీగల్ను, చెప్తన్నాను" అంది.

"కాళ్ళు విరగ్గొట్టేస్తే ఇంక రావడమెలాగ వదినా?"

"దేకుకుంటూ రా. పాతపట్నం దాకా వచ్చీసేవంటే చాలు, అక్కణ్ణుంచి నాలుగడుగులే కదేటి. వచ్చేటప్పుడు మీ తమ్ముణ్ణి కూడా ఈడ్చుకురా, విరిగిన ఎముకలు వాడు లెక్కెడతాడు."